నల్ల డబ్బాలో పచ్చ గడ్డి

ఈ సంగతి నేను ఇంతవరకు చాలామందికి చెప్పబోయాను. మా పాస్టరుగారు సగంలో గడియారం చూసుకున్నారు. మా అక్క పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు, నేను వెళ్ళి చూశాను. నేను పనిచేసే కాఫీ పళ్ళ షెడ్డులో సూపర్‌వైజరైతే నేను నోరు తెరవకముందే "మళ్ళీ అదేనా?" అని నవ్వాడు. మూడేళ్ళుగా ఒక్కరూ చివరిదాకా వినలేదు కాబట్టి రాస్తున్నాను. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. నా కళ్ళకు రంగులు సరిగ్గానే తెలుసునని, ఆ రోజు అది తెలిసే తాను నోరు మూసుకున్నానని మా బావ పదిమందిలో ఒప్పుకోవాలి.

బావ అంటే మా అక్క మొగుడు. అరకులో స్టేషనుకు వెళ్ళే రోడ్డు మీద ఒక గది తీసుకుని వీడియో గేముల షాపు పెట్టాడు. గదిలో రెండు టీవీలు, రెండు గేము డబ్బాలు. ఒకటి తెల్లది, సాలూరులో ఒకాయన దగ్గర కొన్నాడు. రెండోది నల్లది, విశాఖలో కొన్నాడు. రెండూ పాతవే, రెండూ ఒకే కాలంలో వచ్చినవే, కానీ ఒకదాని కంపెనీకి ఇంకోదాని కంపెనీకి పడదు. వాటి మీద ఇంగ్లీషు పేర్లు ఉండేవి గాని ఎవరూ వాడేవారు కాదు. ఎడ్ల జతను పిలిచినట్టు తెల్లది, నల్లది అనేవారు. ఒకే ఆట రెండింటికీ దొరికేది. అక్కడే గొడవ మొదలయ్యేది. తెల్లదాంట్లో బొమ్మ బాగుంటుందని సగంమంది, నల్లదాంట్లోనే అని సగంమంది. ఆడేది తక్కువ, అరుచుకునేది ఎక్కువ.

అప్పుడు బావ నన్ను పిలిచాడు.

"ఏరా బామ్మర్దీ, నువ్వు రోజల్లా పళ్ళు ఏరతావు కదేటి. నీవి గద్ద కళ్ళు. ఇటు రా, సూసి సెప్పు. నువ్వేటంటే అదే ఖాయం."

ఇది ఆయన అన్న మాట. గద్ద కళ్ళు అన్నది ఆయనే. తరవాత ఆయన మరిచిపోయాడు, నేను మరవలేదు.

షెడ్డులో నా పని బల్ల ముందు కూర్చుని కాఫీ పళ్ళు వేరు చేయడం. బుట్ట దిమ్మరించగానే మూడు కుప్పలు చేయాలి. బాగా పండి ఎర్రబడింది ఒకటి, పండీ పండకుండా పసుపు రంగులో ఉన్నది ఒకటి, ముదరని కాయ ఒకటి. ఆ పని పదకొండేళ్ళు చేశాను. రంగులో రంగు వెతకడం నాకు అలవాటు. అందుకే గేముల్ని కూడా ఊరికే చూసి చెప్పేవాణ్ణి కాదు. రెండు టీవీల్లోనూ ఒకే ఆట పెట్టించి, ఆటలో మనిషిని ఒకే చోట నిలబెట్టించి, ఆపించి చూసేవాణ్ణి.

తెల్లదాంట్లో నీడ అంచు మెత్తగా ఉండేది. నల్లదాంట్లో అదే నీడకు రంపపు పళ్ళు వచ్చేవి. గుర్రం పరిగెత్తితే తెల్లదాంట్లో సాఫీగా పోయేది, నల్లదాంట్లో నలుగురు మనుషులు ఎదురైతే చాలు, ముక్కలు ముక్కలుగా కదిలేది. అలాగని నేను పక్షపాతిని కాదు. నీళ్ళు నల్లదాంట్లోనే బాగుండేవి. దగ్గరగా చూస్తే ముఖాలూ అందులోనే బాగుండేవి, ముడతలు కూడా లెక్కపెట్టవచ్చు. పైగా తెల్లది పిండిమరలా మోగేది, దాని వెనక చెయ్యి పెడితే కాలేది. ఇవన్నీ చెప్పాను. అందరూ విన్నారు.

పొగమంచు సంగతి మాత్రం నేనే కనిపెట్టాను. దూరపు కొండలు గీయడానికి డబ్బాకు శక్తి చాలనప్పుడు గేము తయారుచేసినవాళ్ళు అక్కడ మంచు కప్పేస్తారు. నల్లదాంట్లో ఆ మంచు మరీ దగ్గరకు వచ్చేది. విశాఖ నుంచి వచ్చే కుర్రాళ్ళు దాన్ని చూసి అబ్బ ఎంత సహజంగా ఉంది అనేవారు. నేను పుట్టింది మంచులో. మా లోయలో మంచు కింద నుంచి లేస్తుంది, ముందు చెట్ల మొదళ్ళను మింగుతుంది, కొమ్మలను తరవాత. గేములో మంచు దుప్పటి ఆరేసినట్టు ఒకే దూరంలో నిలబడి ఉంటుంది. మనం నడిస్తే అదీ వెనక్కి నడుస్తుంది. అది మంచు కాదు, పని ఎగ్గొట్టడం. ఈ మాట అన్న రోజు షాపులో అందరూ నన్ను మాస్టారూ అన్నారు. అబద్ధం ఎందుకు, నాకు బాగుంది.

ఇక గడ్డి. నల్ల డబ్బా తగిలించిన టీవీలో ఒక తేడా ఉండేది. అందులో తెల్లగోడ కూడా నెయ్యి రంగులో కనబడేది. గడ్డి అయితే ఎండిన వరిగడ్డే. తప్పు డబ్బాది కాదు, టీవీదని నాకు మొదటి వారంలోనే అనుమానం. టీవీలు అటూ ఇటూ మార్చి చూద్దాం బావా అన్నాను. "వైరు పొట్టిది, గోడకి ప్లగ్గు కన్నం ఇటేపే ఉంది, ఒగ్గేయ్" అన్నాడు. ఒగ్గేశాను. అక్కడ ఒగ్గేయకుండా ఉండవలసింది.

ముందుకు పోయే ముందు ఒక మాట చెప్పాలి. మా ఇళ్ళలో పచ్చ అంటే పసుపు రంగు. వలిసె పూలు పచ్చ. కాళ్ళకు రాసుకునే పసుపు పచ్చ. ఆకు రంగును ఆకుపచ్చ అంటాం, కుర్రవాళ్ళు గ్రీన్ అంటారు. షెడ్డులో మధ్య కుప్పకు మేం పెట్టుకున్న పేరు కూడా పచ్చే. నేను పనిలో చేరిన రోజు "పచ్చది పక్కకెట్టు, ఎరుపులో కలిపేసినావంటే ఊరుకోను" అని నేర్పింది ఈ సూపర్‌వైజరే. మైదానంలో చాలామందికి పచ్చ అంటే ఆకు రంగు. ఈ తేడా నాకు తెలియనిది కాదు. ఆ క్షణంలో గుర్తు రాలేదు, అంతే.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక షాపుకు వెళ్ళాను. విశాఖ నుంచి ఒకతను కర్రకు ఫోను తగిలించుకుని వచ్చి ఉన్నాడు. ఊళ్ళు తిరిగి వీడియోలు తీసి పెడతాడట. కొండల్లో రెండు గేము డబ్బాలు పక్కపక్కన పెట్టి పోల్చే షాపు ఉందని విని వచ్చాడు. బావ తల నున్నగా దువ్వుకుని ఉన్నాడు.

"మా బామ్మర్ది సెప్తాడండి. ఈయన కళ్ళు దాటి ఏదీ పోదు" అని నన్ను ముందుకు తోశాడు.

అతను ఫోను నా ముఖం మీద పెట్టాడు. "అన్నా, గడ్డి చూడు. దేంట్లో పచ్చగా ఉంది?"

"నల్లదాంట్లో పచ్చగా ఉందండి. మరీ పచ్చగా కొట్టేస్తంది. అయితే అది డబ్బా తప్పు కాదు, టీవీ మార్సి సూడండి, తెలిసిపోద్ది. గడ్డి గడ్డిలాగున్నది తెల్లదాంట్లోనే."

అతను ఫోనును టీవీ వైపు తిప్పాడు. ఎండిన గడ్డి. మళ్ళీ నా వైపు తిప్పాడు.

"ఇంకోసారి చెప్పన్నా. ఇది పచ్చగా ఉందా?"

"పచ్చగానే ఉంది."

"పక్కాగా?"

"ఎన్నిసార్లు సెప్పమంటారండీ? పచ్చే."

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. నల్ల డబ్బాను చూసి నవ్వుతున్నారనుకుని నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. వీడియోలో అది ఉంది. నా పళ్ళన్నీ కనబడతాయి.

"కొండల్లో పుట్టి గడ్డి రంగు తెలీదేంటన్నా నీకు?" అన్నాడతను.

అప్పుడు అర్థమైంది. బావ వైపు చూశాను. ఆయన తలుపు తెర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకు తెలుసు. అంతకు ముందు క్రిస్మస్‌కు మా అక్కకు వలిసె పూల రంగు చీర తెచ్చి "పచ్చ సీర బాగుందేటి?" అని మా అందరికీ చూపించిన మనిషి. ఒక్క మాట అంటే సరిపోయేది. మా వైపు పచ్చ అంటే పసుపండీ అని. దానికి అర నిమిషం కూడా పట్టదు.

బావ ఫోను వైపు చూసి నవ్వాడు. "మా బామ్మర్ది అంతేలెండి" అన్నాడు.

వీడియోలో నేను టీవీ గురించి చెప్పిన ముక్క లేదు. కోసేశారు. ఎండిన గడ్డి, నా ముఖం, పచ్చే అన్న మాట, నా నవ్వు, చివర బావ మాట. అంతే. నాకు కామెర్లోడు అనే పేరు వచ్చింది. ముంచింగిపుట్టు సంతలో నాకు ముఖపరిచయం కూడా లేని ఒక ఆడమనిషి మిరపకాయ ఎత్తి చూపించి "మావా, ఇదేటి రంగు?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు జవాబు కోసం ఆగారు. నేను చెప్పలేదు. చెబితే ఒక నవ్వు, చెప్పకపోతే ఇంకో నవ్వు.

తరవాతి వారం సూపర్‌వైజరు నన్ను బల్ల దగ్గర నుంచి లేపాడు.

"గడ్డి రంగు తెలీనోడు పండేటి ఏరతాడు? బస్తాలు మొయ్యి."

"పచ్చ అంటే ఏ రంగో తవరే కదండీ నాకు నేర్పింది?"

"అది షెడ్డులో మాట. వీడియోలో ఎందుకన్నావు?"

విశాఖ వెళ్ళి కంటి డాక్టరుకు చూపించుకున్నాను. చుక్కల్లో అంకెలు దాచిన పుస్తకం ఒకటి ఉంటుంది, రంగులు తెలియనివాళ్ళకు ఆ అంకెలు కనబడవు. అన్నీ చదివాను. కళ్ళకు ఏ లోపమూ లేదని రాసి ఇచ్చారు. ఆ కాగితం తెచ్చి సూపర్‌వైజరు చేతిలో పెట్టాను. చదవకుండానే మడిచి ఇచ్చేశాడు. "కాయితం నువ్వొక్కడివే సూసినావు. వీడియో ఊరంతా సూసింది."

బావను అడిగాను. ఒకసారి కాదు. మొదటిసారి, "ఆడు కెమెరా ఎట్టుకున్నాడు కదేటి, మధ్యలో నానెలగ మాటాడతాను?" అన్నాడు. రెండోసారి, తనకూ అప్పుడు తట్టలేదన్నాడు. మూడోసారి, అలాంటిదేమీ జరగలేదన్నాడు. మూడు జవాబులూ గుర్తు పెట్టుకున్నాను. ఒకదానికొకటి పొసగవు.

అప్పుడు నేను ఒక పని చేశాను, దాచను. సెలవు దొరికిన ప్రతిరోజూ షాపుకు వెళ్ళి నల్ల డబ్బా దగ్గర ఆడేవాళ్ళ వెనక నిలబడేవాణ్ణి. చూడండి, ఆ నీడకు రంపపు పళ్ళు. చూడండి, ఆ చెట్టు ఇప్పుడే గాలిలోంచి ఊడిపడింది. చూడండి, వాడి జుట్టు భుజంలోంచి దూరిపోయింది. గట్టిగా అనేవాణ్ణి. ఒకసారి కంటపడ్డాక ఆ తప్పు మనిషిని వదలదు, ఆట పాడైపోతుంది. పాడుచేయడానికే చెప్పేవాణ్ణి. ఇద్దరు కాలేజీ పిల్లలు డబ్బులిచ్చి కూడా సగంలో లేచిపోయారు. వాళ్ళు నాకు ఏ అపకారమూ చేయలేదు. అయినా నాకు జాలి కలగలేదు.

"ఏటి సేత్తన్నావురా? గిరాకీ పోతంది" అన్నాడు బావ.

"కళ్ళు లేనోడి మాటకి గిరాకీ పోద్దేటి బావా?"

ఆయన నన్ను చొక్కా పట్టుకుని బయటకు నెట్టాడు. మా అక్క నాకు ఫోను చేసి ఏడ్చింది. నేను పెట్టేశాను.

షాపు కిందటి వానాకాలం మూసేశాడు. నా వల్ల కాదు, అందరి చేతుల్లోకీ ఫోను గేములు వచ్చాయి. నా వల్లే అని ఆయన అంటాడు, అననీ. డబ్బాలు అమ్మేశాడు. ఒక టీవీ ఇంటికి తెచ్చి గోడకు తగిలించాడు. ఈ మధ్య అక్క బతిమాలితే భోజనానికి వెళ్ళాను. బావా నేనూ మాట్లాడుకోకుండా తింటున్నాం. టీవీలో వార్తలు వస్తున్నాయి. బావ ముద్ద చేతిలో పట్టుకుని టీవీ వైపు చూసి, అక్కతో అన్నాడు.

"ఈ టీవీ ఏటే, ముఖాలన్నీ పచ్చగా కొడతన్నాయి?"

నేనూ టీవీ వైపు చూశాను. అది నల్ల డబ్బాకు తగిలించిన టీవీ.

"ఏ రంగు బావా?" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. అర్థమైందని ఆయన మెడ చెప్పింది, ఎర్రబడింది. ఆ ఎరుపు కూడా నాకు బాగానే కనబడింది. ముద్ద కంచంలో వేసేసి, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. ఎంతసేపటికీ తిరిగి రాలేదు.

"అన్నం కాడ ఎందుకురా? ఒగ్గేయ్ తమ్ముడూ" అంది అక్క.

"నువ్వు ఇన్నావా లేదా?"

"నాకేటీ ఇనబడలేదు" అని కంచాలు తీసింది. నా కంచంలో ఇంకా అన్నం ఉంది.

నేను ఇంకా బస్తాలు మోస్తున్నాను. నా బల్ల దగ్గర కూర్చున్నవాడు పచ్చవాటిని ఎర్రవాటిలో కలిపేస్తున్నాడు. బస్తా భుజాన వేసుకుని పక్క నుంచి పోతుంటే చూస్తూనే ఉన్నాను. చెప్పను. చెబితే ఎవరు నమ్ముతారు?

బావా, ఇది నువ్వు చదువుతావు. ఎదురుగా అడిగితే పెరట్లోకి పోతావు కాబట్టి ఇలా అడుగుతున్నాను. వాళ్ళు నవ్విన రోజున నేనన్న పచ్చ ఏ పచ్చో నీకు తెలుసా, తెలీదా? తెలీదంటే షెడ్డుకు వచ్చి, సూపర్‌వైజరు ముందు, బల్లల దగ్గర ఉన్నవాళ్ళందరి ముందు తెలీదని చెప్పు. తెలుసంటే అదీ అక్కడే చెప్పు. కెమెరా ఉందనీ, తట్టలేదనీ, జరగలేదనీ వద్దు. తెలుసా, తెలీదా? చెప్పు.