అయ్యగారి నడుమూ నా షాకబ్జర్లూ

ఇప్పటి కుర్రాళ్లకి చెబితే నవ్వుతారు గానీ, ఎనభైల్లో మా వైపు ఒకడికి మోటారు సైకిలుందంటే వాడు ఊరందరి సొత్తు. పురిటి నొప్పులొస్తే మంత్రసాని కోసం వాడే పరిగెత్తాలి, బస్సు తప్పిపోయిన వాళ్ల మేనత్తల్ని వాడే దిగబెట్టాలి. నాది పత్తి విత్తనాల కంపెనీలో టూరింగు ఉద్యోగం. గుంటూరులో బయల్దేరితే ప్రత్తిపాడు, పర్చూరు, ఇంకొల్లు అంటూ నల్లరేగడి డొంకలన్నీ నావే. వానాకాలంలో ఆ మట్టి చక్రాన్ని వదలదు. ఎండాకాలంలో ఎడ్లబండ్ల గాడి గట్టిపడి మనిషి నడుముని వదలదు. నేను కొన్న పాత బండికి వెనక షాకబ్జర్లు రెండూ ఎప్పుడో ఆయిలు కక్కేశాయి. గతుకు తగిలితే చక్రానికి తెలిసే ముందే నా వెన్నుపూసకి తెలిసేది. వయసులో ఉన్నాను కదా, దులుపుకుని పోయేవాణ్ని. చిక్కల్లా వెనక కూర్చున్నవాళ్లతోనే వచ్చింది.

వెనక కూర్చున్నది అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరుగారు. మనిషి భారీ, మాట మెత్తన. ఆయన ప్రసంగం ఎంత మెత్తగా సాగేదంటే, ముందు వరస పెద్దలు కూడా కళ్లు మూసుకుని ‘ధ్యానించేవాళ్లు’ (గురక వినపడనంతవరకు ధ్యానమే). ఒకసారి పక్క ఊళ్లో ప్రార్థనకని ఆయన్ని నా బండిమీద తీసుకెళ్లాను. తిరిగొచ్చాక ఆయన మంచం దిగలేదు. సరిగ్గా ఆ సమయంలోనే, ముహూర్తం చూసుకున్నట్టు, మా అమ్మ అయ్యగారింటికి వెళ్లి వాళ్లమ్మాయిని నాకు చేసుకుంటామని అడిగింది. ఆయన బోర్లా పడుకుని నడుముకి తైలం రాయించుకుంటూ విన్నారట. “పిల్లోడు బుద్ధిమంతుడేనమ్మా, కాదన్ను. కానీ రేపు మా అమ్మాయి ఎక్కాల్సింది ఆ బండే కదా! నా నడుమంటే అయిపోయింది, దాని నడుమేం కావాలి? పర్చూరు అవతల ఉజ్జీవ కూటాలని పెద్ద ప్రార్థన సభలున్నాయి, ఆదివారం నన్ను మీవాణ్నే తీసుకెళ్లమనండి. ఆ బండి మీద వెళ్లాక చెప్తాను” అన్నారు.

అమ్మాయి బళ్లో టీచరు. చర్చి గేటు దగ్గర నన్ను దాటిపోతూ, తల తిప్పకుండా, “అవేవో మార్పించండి. మా నాన్న ఒకసారి కాదన్నారంటే మళ్లీ అడగనివ్వరు” అని వెళ్లిపోయింది. ఆ పిల్ల నాతో మాట్లాడిన మొదటి మాట అదే. ఇంకెవరికైనా పూల గురించో వెన్నెల గురించో మాట్లాడుంటారు, నా ప్రాప్తానికి షాకబ్జర్లు.

బ్రాడీపేటలో స్పేరు పార్టుల షాపు పక్కన ఒక మెకానిక్కు ఉండేవాడు. ప్రతిదానికీ గ్యారంటీ అంటాడు కాబట్టి అతని పేరే గ్యారంటీ అయిపోయింది. కంపెనీ సరుకు కావాలంటే మద్రాసు నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే ఎరుక. మిగిలినవి బయట తయారయ్యే రెండు రకాలు. ఒకదానికి నా బొటనవేలంత లావు స్ప్రింగు. “లారీ ఎక్కినా కుంగదు, గ్యారంటీ!” అన్నాడు. రెండోదానికి స్ప్రింగు సన్నం, లోపల ఆయిలు ఎక్కువ. “దీనిమీద పోతంటే ఉయ్యాలే, గ్యారంటీ!” అన్నాడు. “ఒరేయ్, రెండిట్లో ఏది మంచిది?” అంటే “రెండూ మంచియ్యే, గ్యారంటీ!” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పెళ్లి ఆగిపోతే వీడు గ్యారంటీ ఇస్తాడా? రెండు జతలూ చూసి ఇస్తానని బతిమాలి పట్టుకుపోయాను.

ప్రత్తిపాడు దగ్గర మా బాబాయి మిరప కళ్లంలో బండి ఆపాను. లావు స్ప్రింగు వేస్తే వెనక మనిషి ఎగిరిపడతాడా, సన్నం స్ప్రింగు వేస్తే కుంగి అడుక్కి కొట్టుకుంటుందా అన్నది తేలాలంటే అయ్యగారంత బరువు వెనక కూర్చోవాలి. ఊళ్లో అంత భారీ మనిషి లేడు. బాబాయి కళ్లంలో మిరపకాయలు తొక్కించి టిక్కీలు కుట్టిస్తున్నాడు. మా వైపు మిరప బస్తాని టిక్కీ అంటారు. గడ్డం గోక్కుంటూ, “అయ్యగారు రెండు టిక్కీలుంటాడ్రా. కట్టుకుని తిరుగు” అన్నాడు. ఒక నిండు టిక్కీ, దానిమీద ఇంకో టిక్కీ, మోకుతో బిగించి కట్టి డొంకలో తిరిగాను. లావు స్ప్రింగులతో టిక్కీలు నా వీపుని గుద్దాయి. సన్నం స్ప్రింగులతో ఎంత గాడిలో దింపినా బండి మెత్తగా దిగి మెత్తగా లేచింది. నమ్మకం చాలక మళ్లీ తిరిగాను, ఇంకా చాలక మళ్లీ తిరిగాను. కళ్లం అంచున కూర్చున్న ఆడకూలీలు, “ఏందయ్యో, ఆ టిక్కీకి ఊరు చూపిత్తన్నావా?” అని ఒకటే నవ్వు. నవ్వితే నవ్వారు! ఆ సాయంత్రం నా అంత సంతోషంగా ఉన్న మనిషి జిల్లాలో లేడు.

టిక్కీల్లోంచి రాలిన కారప్పొడికి సీటు ఎర్రబడింది. ముందు పొడిగుడ్డతో దులిపాను. తుమ్ములొచ్చాయి, అయితే మిరప ఊళ్లలో పుట్టినవాడికి తుమ్ము ఒక లెక్కా? అయ్యగారు తెల్ల పంచె కడతారు, మరక పడితే పరువు పోతుందని తడిగుడ్డతో తుడిచాను. రుద్ది రుద్ది తుడిచాను. మిరప చెయ్యి కడిగిన కొద్దీ మండుతుందన్న సంగతి మా ఇళ్లలో పసిపిల్లలకి కూడా తెలుసు. సీటు కూడా అంతేనని నా బుర్రకి తట్టలేదు. సీటు అద్దంలా మెరిసింది, ఆ పొడంతా కుట్లలోంచి లోపలికి దిగింది. పైన ఉతికిన తువ్వాలు పరిచి, దేవుడా నీదే భారం అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఎండ పెళపెళలాడుతోంది. అయ్యగారు బైబిలు సంచీ భుజాన వేసుకుని అనుమానంగా ఎక్కారు. తారు రోడ్డు దాటాం, డొంకలో దిగాం. మొదటి గాడి వచ్చింది, నేను ఊపిరి బిగబట్టాను. బండి అలా దిగి ఇలా లేచింది. “ఫర్వాలేదే!” అన్నారు వెనకనుంచి. ఆ మాట నాకు శుభలేఖ అచ్చయినట్టు వినిపించింది. కాసేపటికి ఆయన కుడివైపు జరిగారు. ఇంకాసేపటికి ఎడమవైపు. తర్వాత పైకి లేచి కూర్చున్నారు. స్ప్రింగు కుంగిపోతోంది, గ్యారంటీగాడు ముంచాడు అనుకుని బండి నెమ్మది చేశాను. ఆయన ఇంకా ఎక్కువ కదిలారు. నేను ఇంకా నెమ్మది చేశాను. గేదెలు మమ్మల్ని దాటిపోతున్నాయి. “నడుము పట్టిందా అండి?” అన్నాను. “నడుము... కాదు బాబూ.” “మరేంటండి?” ఆయన మళ్లీ ఓ పక్కకి జరిగారు. చివరికి పళ్లబిగువున, “నువ్వు కాస్త వేగంగా పోనీ నాయనా, నీకు పుణ్యముంటుంది” అన్నారు. వేగం పెంచితే గతుకులు, గతుకులు తగిలితే నడుము, నడుము పడితే పిల్ల లేదు. నేను వేగం పెంచలేదు. ఆయన చెమటకి తువ్వాలు తడిసిందని, ఆ తడికి లోపలి కారమంతా పైకొస్తోందని నాకేం తెలుసు!

పందిరి కింద జనం కిక్కిరిసి ఉన్నారు. ఊరిపెద్ద మంచి వాలుకుర్చీ తెచ్చి, “కూర్చోండి అయ్యగారూ” అన్నాడు. ఆయన “వద్దు!” అన్న గట్టితనానికి పెద్దాయన కుర్చీతో సహా వెనక్కి తగ్గాడు. ఆ రోజు ప్రసంగాంశం సమాధానం, అంటే మనసుకి నెమ్మది. మొదటి వాక్యం మామూలుగానే వచ్చింది. రెండోదానికి ఆయన గొంతు లేచింది. వేదిక ఈ చివరనుంచి ఆ చివరకి నడిచారు, తిరిగి వచ్చారు, చేతులు పైకెత్తారు, కళ్లలోంచి నీళ్లు ధారలుగా కారుతుంటే తుడుచుకోలేదు. “మనిషికి నెమ్మది ఎక్కడుందయ్యా? ఎక్కడుంది?” అని ఆయన అరిచిన అరుపుకి వెనక వరసలో ముసలమ్మ బోరున ఏడ్చింది. దాంతో పందిరంతా ఏడుపే. స్తోత్రాలు మిన్నంటాయి. అందరికంటే ఎక్కువ భయపడింది నేను. ఆయన్ని అన్నేళ్లుగా విన్నాను, ఇలా ఎప్పుడూ చూడలేదు. ఏమయిందోనని బండి దగ్గరికి పరిగెత్తి, షాకబ్జర్లూ సీటు మీది తడి తువ్వాలూ తడిమి, చెమట పట్టి కళ్లు తుడుచుకున్నాను. అంతే. కన్ను భగ్గుమంది. అప్పుడు అర్థమయింది. అక్కడే కూలబడ్డాను. నా పెళ్లి అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను, అవకుండానే అయిపోయింది.

ప్రసంగం ముగిశాక ఆయన పందిరి వెనక్కి వచ్చి నన్ను పిలిచారు. “ఏం మోశావు ఆ సీటు మీద?” “టిక్కీలండి. మిరపకాయల టిక్కీలు. మీ బరువుకి ఏ స్ప్రింగు సరిపోతుందో తెలియక... మీ నడుము కదలకూడదని...” ఒంటికంట్లోంచి నీళ్లు కారుతూ కళ్లం, డొంక, అన్నీ చెప్పేశాను. “నాకు సరిపోవాలని బస్తాలు కట్టుకుని డొంకంతా తిరిగావా?” “అవునండి.” ఆయన నన్ను చూశారు, బండిని చూశారు, కోపమో ఏమో నాకు అంతు చిక్కలేదు. ఇంతలో ఊరిపెద్దలు దండలు పట్టుకుని వచ్చేశారు. “జన్మలో ఇట్టాంటి ప్రసంగం వినలేదండీ. వచ్చే నెలా మీరే రావాలి. ఇంతకీ, ఈ అబ్బాయి ఎవరండీ?” అన్నాడు కుర్చీ పెద్దాయన. అయ్యగారు నిలబడే దండ వేయించుకుని, “మా అల్లుడండీ. పిల్లోడికి నేనంటే మహా శ్రద్ధ” అన్నారు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, “కొబ్బరినూనె ఎక్కడైనా దొరుకుతుందేమో చూడు. నేను బస్సులో వస్తాను, నిలబడి” అన్నారు.

అన్నమాట ప్రకారం నిలబడే వచ్చారు. ఇప్పుడు నాకూ నడుము పట్టేస్తోంది, మా ఆవిడ తైలం రాస్తూ తిడుతుంటుంది. కారు కొనేటప్పుడు షోరూము కుర్రాడు సస్పెన్షను గురించి ఏదో చెప్పబోతే, “నీకేది నచ్చితే అది ఇవ్వు నాయనా” అనేశాను. ఒక మనిషి నడుముకి గతుకు తగలకూడదని ఎండలో టిక్కీలకి ఊరు చూపించిన ఆ పిచ్చివాడు నేనేనా అనిపించింది. వాడి తెలివికి నవ్వొస్తుంది గానీ, వాడికున్న ఓపిక మాత్రం ఇప్పుడు నా దగ్గర లేదు.