పెద్దమ్మ పెరుగుకి ఎర్ర ట్యాగు

మా భిలాయిలో తెలుగువాళ్ల ఆదివారాలు ఆ రోజుల్లో రెండు రకాలుగా గడిచేవి. పెళ్లిచూపులు ఒక రకం, చర్చావేదిక రెండో రకం. మొదటిదాన్ని తప్పించుకోవడానికి నేను రెండోదానికి వెళ్లేదాన్ని. అక్కడ నేను మాట్లాడే మాటలు విన్నాక మొదటిది దానంతటదే తప్పిపోయేది. ఇరవై రెండేళ్ల వయసు, కెమిస్ట్రీ డిగ్రీ, జాముల్‌లో ట్యూషన్ సెంటర్ ఉద్యోగం, దేశంలోని మూఢనమ్మకాలన్నిటినీ వచ్చే వేసవిలోగా తుడిచెయ్యాలన్న పట్టుదల, ఇవీ నా ఆస్తులు. "నమ్మకండి, అడగండి!" అన్నది నా నినాదం. మైకు దొరికితే ఆ మాటతోనే మొదలుపెట్టి, ఎవరూ లాక్కోకపోతే ఆ మాటతోనే ముగించేదాన్ని. నన్ను ఎవరైనా అడిగితే మాత్రం ఒళ్లు మండేది. (ఈ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు.)

ఆ ఏడు కార్తీక వనభోజనాల రోజునే, భోజనాల తర్వాత, చర్చ కూడా పెట్టారు. వనభోజనాలంటే ఉసిరిచెట్టు కింద తినాలి. మేం వెళ్లే పార్కులో ఉసిరిచెట్టు లేదు. అందుకని ఎవరో ఒకరు ఉసిరికొమ్మ తెచ్చి వేపచెట్టుకి కట్టేవారు, ఆ పూటకి వేపచెట్టు ఉసిరిచెట్టు అయిపోయేది. నేను దాన్ని ఏటా ఎగతాళి చేసేదాన్ని, పులిహోర మాత్రం ఆ నీడలోనే కూర్చుని తినేదాన్ని. చర్చాంశం ఏమిటంటే, క్లోనింగ్‌తో పుట్టించిన పశువుల పాలు, మాంసం అమ్మితే ఆ సంగతి పైన రాసి తీరాలా అని. మన దేశంలోనే అలాంటి గేదె దూడ పుట్టిందన్న వార్త అందరి నోళ్లలో నానుతున్న కాలం. నాది "రాయక్కర్లేదు" పక్షం. పాలలో తేడా లేనప్పుడు లేబుల్ ఎందుకు? అది భయాన్ని పెంచి పోషించడమే. మనిషి నుదుటి మీద కులం లేబుల్ వద్దన్నవాళ్లం పాలపొట్లం మీద పుట్టుక లేబుల్ ఎలా అడుగుతాం? ఈ వాక్యం రాసుకున్న రోజు సంతోషం పట్టలేక అద్దంలో నన్ను నేనే మెచ్చుకున్నాను.

మాటలు చాలవు, రుజువు కావాలనిపించింది. రుజువు మా పెద్దమ్మ దగ్గర దొరికింది. శ్రీకాకుళం పక్క నుంచి పెళ్లయి వచ్చిన మా పెద్దమ్మ, అందరి ఇళ్లలోనూ పెరుగు తోడుకుంటుంది గాని తన ఇంట్లో గడ్డ కడుతుందని నమ్మే మనిషి. ఎన్నో ఏళ్లు అడగ్గా అడగ్గా, వనభోజనాల పెరుగు ఆమెకి మొట్టమొదటిసారి అప్పగించారు. రెండు పెద్ద స్టీలు డేగిశాల నిండా తెల్లగా, కత్తితో కోస్తే ముక్కలుగా వచ్చే పెరుగు తెచ్చి వేపచెట్టు మొదట్లో (క్షమించాలి, ఉసిరిచెట్టు మొదట్లో) దించింది. ఆమె పులిహోర దగ్గరికి వెళ్లగానే నేను రెండు అట్టముక్కలు తీశాను. ఒకదాని మీద "క్లోన్ గేదె పాల పెరుగు" అనీ, ఇంకోదాని మీద "మామూలు గేదె పాల పెరుగు" అనీ రాసి ఉంచాను. తడి గిన్నెకి టేపు అంటలేదు. దారంతో పిడులకి వేలాడదీశాను. జనం మొదటి డేగిశాని వదిలేసి రెండోదాన్ని ఖాళీ చేస్తారు, అప్పుడు నేను వేదికెక్కి రెండింటిలోనూ ఒకటే పెరుగని చాటుతాను, భయం ఓడిపోతుంది. ఇదీ నా పథకం.

ఆ అట్టముక్కలు ఎర్రవి. ఇంట్లో ఆ రంగు అట్టే మిగిలి ఉంది, అంతకు మించి కారణం లేదు. కానీ ఈ ఊళ్లో ఎర్ర అట్ట దారంతో వేలాడితే దానికి ఒకటే అర్థం. స్టీలు ప్లాంటులో ఏ మోటారు మీదైనా అలాంటి ట్యాగు కనిపిస్తే చెయ్యి పెట్టకూడదు, కట్టినవాడే వచ్చి విప్పాలి. ఇక్కడి పిల్లలు అక్షరాలకన్నా ముందు ఇది నేర్చుకుంటారు. నేనూ నేర్చుకున్నాను. రుజువు తొందరలో మరిచిపోయాను.

పెరుగు వడ్డించే సమయానికి అన్నం కలుపుకోవడానికి సిద్ధంగా వరసలు వరసలుగా జనం. వడ్డించే కుర్రాళ్లు డేగిశాల దాకా వెళ్లి ఆగిపోయారు. మరుక్షణం అక్కడ షట్‌డౌన్ బాబాయి నిలబడ్డాడు. ప్లాంటు మెయింటెనెన్సులో రిటైరైన ఈయన ఇంట్లో మిక్సీ కడగాలన్నా ముందు మెయిన్ ఆపేస్తాడు కాబట్టి ఆ పేరు. మధ్యాహ్నం చర్చకి న్యాయనిర్ణేత కూడా ఆయనే.

"ట్యాగు ఎవరు కట్టారు? పేరు లేదు, సంతకం లేదు, ఏటిది?" అన్నాడు.

"బాబాయ్, దాని మీద రాసింది చదవండి. రెండోది మామూలుదే," అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"రాసిందేటో తర్వాత. రెంటికీ ఎర్ర ట్యాగుంది. ఎవులూ ముట్టుకోవద్దు!"

పెరుగు పడకుండా తెలుగువాడు విస్తరి ముందు నుంచి లేవడు. వందమంది చేతులు ఎండిపోతున్నా అలాగే కూర్చున్నారు. ఇక్కడే పుట్టి పెరిగిన ఒక కుర్రాడు, "దీదీ, దహీ మిలేగా కి ఉఠ్ జాయే?" అని, పెరుగొస్తుందా లేచిపోవాలా అన్నట్టు జాలిగా అడిగాడు. ఎవరో "క్లోన్ అంట, మెషిన్లో పుట్టించిన గేదె అంట" అన్నారు. ఆ మాట వరస చివరికి చేరేసరికి గేదె కూడా పోయి మెషిన్ ఒక్కటే మిగిలింది. అప్పుడొచ్చింది పెద్దమ్మ, చేతిలో గరిటెతో.

"నా గేదిని మెషిన్లో పుట్టించినారా? సరోదా గేదది! దాని తల్లిని కూడా ఎరుగుదును నాను!" అంది. (చరోదా మా పక్క ఊరు, ఆమెకి పాలు అక్కణ్నుంచే వస్తాయి.) ఎవరూ విస్తరి ముందుకు జరపలేదు. ఆమె గొంతు తగ్గింది. "తినకపోతే పోనీలెండి. పట్టుకుపోతాను," అని డేగిశా మీద మూత పెట్టబోయింది. ఆ మూత చప్పుడు నేను తట్టుకోలేకపోయాను.

"నేనే కట్టాను. రెండూ ఒకటే పెరుగు," అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. "చూశారా, ఒక్క లేబుల్‌తో ఎంత భయం! మీరు రోజూ తినే అరటిపండు క్లోను కాదా? పిలక నుంచి వచ్చిందే కదా?" అని అందుకున్నాను.

పెద్దమ్మ గరిటె నా వైపు తిప్పింది. "ఒలే, పిలక పాతితే అరటిసెట్టొస్తాదని ఊరందరికీ తెల్సు. అదెవులు దాసినారు? నమ్మకండి, అడగండని మైకులో అరిసేది నువ్వే. అడిగితే మళ్లీ కోపమేటే నీకు?"

"అబద్ధం రాసిందానివి నువ్వు. బయపడ్డ తప్పు మాదా?" అన్నాడు బాబాయి, తీరిగ్గా.

నేను ట్యాగులు విప్పడానికి వంగాను. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పేసి ఊరుకుంటే ఎవులు తింటారిప్పుడు? అనుమానం పుట్టింది కదా. తిరగేసి ఉన్న మాట రాయి." ఆమె చెప్పింది, నేను రాశాను: చరోదా గేదె పాలు, పెద్దమ్మ తోడు పెట్టింది, రెండు గిన్నెల్లోనూ ఒకటే. కింద సంతకం చేశాను. బాబాయి అందరికీ వినిపించేలా చదివి, సంతకం సరిచూసి, తన విస్తరే ముందు చాపాడు. రెండు డేగిశాలూ అడుగు కనిపించేదాకా ఊడ్చేశారు. పెద్దమ్మ ఖాళీ గిన్నెలని మూత పెట్టకుండానే, అందరికీ కనబడేలా, ఆటో దాకా మోయించుకుంది.

మధ్యాహ్నం వేదికెక్కి, రాసుకున్న ప్రసంగం మడిచి, లేబుల్ ఉండి తీరాలని మాట్లాడాను. నన్ను ఓడిపోయినట్టు ప్రకటించారు. "పాయింటు బాగుందమ్మా. కానీ షిఫ్టు మార్చుకుంటే ముందే సెప్పాల," అన్నాడు న్యాయనిర్ణేత.

ఆనాటి నుంచి నేను షిఫ్టు మారలేదు. క్లోన్ పశువు పాలూ మామూలు పాలూ ఒకటేనని శాస్త్రం తేలిస్తే ఒప్పుకుంటాను, మొదటి గ్లాసు నేనే తాగుతాను. కానీ తాగేవాడికి చెప్పి తాగించాలి. "మీకెందుకు, మేం చూసుకున్నాం, నోరు తెరవండి" అనేవాళ్లతోనే కదా మేం ఇన్నాళ్లూ పోట్లాడింది! వాళ్లు కాషాయం కట్టినా తెల్లకోటు తొడుక్కున్నా నా జవాబు ఒకటే. మనిషికి పుట్టుక లేబుల్ తగిలిస్తే ఆ మనిషికి అవమానం. పాలకి తగిలించకపోతే తాగేవాడికి అవమానం. అద్దంలో మెచ్చుకున్న ఆ పాత వాక్యానికి ఈ జవాబు దొరకడానికి నాకు పెద్దమ్మ గరిటె కావలసివచ్చింది.

మొన్న సుపేలా బజారులో పెరుగు పాకెట్ కొంటూ కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి, వెనక ఉన్న చీమ తలకాయలంత అక్షరాలు చదువుతున్నాను. నా వెనక లైను పెరుగుతోంది. "దీదీ, రోజూ కొనేదే కదా, ఏటి చదువుతారు?" అని దుకాణం భయ్యా నవ్వాడు. "రోజూ కొంటాను కాబట్టే," అన్నాను. ఇరవై రెండేళ్ల నేను ఆ లైనులో ఉండి ఉంటే, ఈ నడివయసు చాదస్తాన్ని చూసి అందరికన్నా గట్టిగా నవ్వేదాన్ని. నవ్వు తల్లీ, తప్పులేదు. చేతిలో ఆ ఎర్ర అట్ట ఉంది చూడు, ముందు దాని మీద సంతకం పెట్టి నవ్వు.