ఏ కాలేజీ అని అడిగింది

మొన్న ఎండాకాలం పలాస నుంచి టెక్కలి పోయే బస్సులో నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. ఒళ్ళో లావుపాటి పుస్తకం. వేళ్ళు మాత్రం నా వేళ్ళలాగే జీడిపిక్కలు కొట్టి కొట్టి నల్లబడిపోయాయి.

"ఏటి సదువుతన్నావమ్మా?"

"ఎమ్‌కామ్ పిన్నీ. అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్."

మా పిల్ల కూడా బీకామ్ పాసయింది. వాళ్ళ నాన్న పోయాక, ఇక చాల్లే అని నేనే జీడి పనిలో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"బీకామ్‌తో లెక్కలొచ్చేసినట్టే గదా, మళ్ళీ ఏటి?"

"అందులో ఒక కంపెనీ లెక్కే పిన్నీ. ఒకటి ఇంకోదాన్ని కొనేత్తే రెండు లెక్కలూ ఎలా కలపాలో ఇందులో సెప్తారు."

"మీ నాన్న సదివిత్తన్నాడా?"

"నాన్న లేడు. అమ్మే. పరీచ్చలప్పుడు నా వంతు పిక్కలు కూడా తనే కొడతాది."

ఆ తల్లిని నేను చూడనైనా లేదు. అయినా ఒళ్ళు మండిపోయింది. నాలాంటి మనిషే కదా, దానికెక్కడిది అంత గుండె!

"మా పిల్లా అదే సదువుతంది" అనేశాను.

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "ఏ కాలేజీ పిన్నీ?"

"నేను దిగాలమ్మా" అని లేచాను. మా ఊరు రాకుండానే దిగిపోయి, ఎండలో నడిచి ఇల్లు చేరాను. పెరట్లో మా పిల్ల బూడిదతో చేతులకంటిన జీడి నూనె కడుక్కుంటోంది.

"ఆ ఎమ్‌కామ్‌కి ఇంకా సేర్చుకుంటన్నారేటే?" అని అడిగాను.

అది తలెత్తకుండానే అంది, "ఎవుల్నమ్మా?"