బురుజుకు పూడ్చిన కన్నాలు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, మిరప కోతలు ముగిసే రోజుల్లో, పొదిలి అవతల ఒక కోట మరమ్మతుకు నన్ను వేశారు. అప్పట్లో నేను పాత కట్టడాల పరిరక్షణ సహాయకుణ్ణి. అంటే ఇంజనీరుకు కింద, మేస్త్రీలకు పైన. ఊరి పేరు రాయను.

మా చుట్టుపక్కల కోటలన్నీ కొండరాతివి. ఇది మాత్రం ఇటుకది. రెడ్డిరాజుల నాటి సామంతుడొకడు రాయి మోయించే స్తోమత లేక వాగు మట్టిని కాల్చి కట్టించాడు. కింది వరసల్లో వెడల్పాటి పలక ఇటుకలు అతనివి. పైన ఉన్న చిన్నవి తర్వాత వచ్చిన పాలకులవి. ఇటుక కొలతను బట్టి కాలం చెప్పటం మా పనిలో మొదటి పాఠం. అది నాకు బాగా వచ్చు, దాంతోపాటు పొగరూ వచ్చింది.

తూర్పు బురుజుకు సగం ఎత్తున, నిచ్చెన వేస్తేగాని అందనంత పైన, పిడికిలి పట్టేంత కన్నాలు వరసగా ఉండేవి. ముట్టడిలో తగిలిన ఫిరంగి గుండ్ల గుర్తులని ఊళ్ళో చెప్పుకునేవారు. అంత తిన్నగా ఏ సైన్యం కొడుతుందన్న అనుమానం నాకు రాలేదు. కోట చరిత్రలో గుండు దెబ్బలనే రాసి, వాటిని పూడ్చమన్నాను.

గానుగ సున్నం పనిలో చేయి తిరిగిన మేస్త్రీ మస్తాన్ తాపీ కింద పెట్టేశాడు.

"అయ్యి గుండు దెబ్బలు కాదు సార్, నీళ్ళ దారులు. బురుజు లోపలంతా మట్టే. మూశామంటే వానకి ఉబ్బి పగులుద్ది."

చరిత్ర నువ్వు చదివావా, నేను చదివానా అన్నాను, నలుగురి ముందు. అతను మళ్ళీ తాపీ అందుకుని ఇటుక ముక్కలూ సున్నమూ కూరి మూసేశాడు.

కార్తీకంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు ఉదయం బురుజు ఉబ్బిందని కబురొచ్చింది. దాని కిందే పత్తి తీతకొచ్చిన కూలీల గుడిసెలు. నేను చేరేసరికి మస్తాన్ వాళ్ళను ఖాళీ చేయించి, నిచ్చెనెక్కి పలుగుతో కన్నాలు తెరుస్తున్నాడు. దిగమని అరిచాను. ఇంకొక్కటి సార్ అన్నాడు. బురుజు అతని మీద పడింది. శవాన్ని తీసేసరికి మధ్యాహ్నమైంది.

విచారణకొచ్చిన పై అధికారి, పూడ్చేముందు ఎవరైనా వద్దన్నారా అని అడిగారు. మస్తాన్ భార్య కాశింబీ గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"మా ఆయన ముందే చెప్పాడు సార్. మీరైనా చెప్పండి," అంది నాతో.

నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది. ఎవరూ చెప్పలేదన్నాను. ఆ రోజు విన్న కూలీల్ని ఆయన పిలిచి అడగలేదు. మేస్త్రీ పనితనం లోపమని రిపోర్టు రాశారు. ఆ తర్వాత, మేస్త్రీ పనే చేసే ఆమె మరిదిని మా పనుల్లోకి ఎవరూ పిలవలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ పిలవలేదు.

బురుజు తిరిగి కట్టినప్పుడు ఆ కన్నాలు వదలమన్నాను. ఎందుకని ఇంజనీరు అడిగితే నీళ్ళ దారులండి అన్నాను. ఎవరు చెప్పారంటే, నేనే కనిపెట్టానన్నాను. ఆయన మెచ్చుకున్నారు.

తెలియక మూయించటం తప్పు. గోడ మళ్ళీ కట్టి దాన్ని దిద్దాను. చెప్పిన మనిషి చెప్పలేదనటం నేరం. పెన్షను తీసుకుంటూ ఇప్పుడు రాసినంత మాత్రాన అది మాసిపోదు.