దేవకమ్మ కచ్చా కుట్టు

నగరిలో దేవకమ్మకు ఒక పేరుంది: ఆమె కుట్టిన కుట్టు ఊడదు. గుడ్డ చినుగుతుంది, వేసుకున్న మనిషి లావవుతాడు, కుట్టు మాత్రం ఊడదు. ఈ మాట ఆమే నలుగురికీ చెప్పుకుంటుంది. ఆమె భర్త మునస్వామి ఇరవై ఏళ్లు పవర్‌లూమ్ నడిపి చెవులు సగం పోగొట్టుకున్నవాడు కాబట్టి, భార్య చెప్పేదంతా వినాల్సిన అవసరం లేని అదృష్టవంతుడు.

ఇక తిరుపతి బైపాస్ రోడ్డులో ఒక ఇంటర్నేషనల్ స్కూలుంది. అంతకుముందు అది లాడ్జి. జనం రాక మూతబడితే యజమాని చక్రధర్ బోర్డు మార్చి కరస్పాండెంట్ అయ్యాడు. తిరుపతిలో లాడ్జి పెట్టి జనం రాకుండా చేసుకున్నవాడి చేతికి పిల్లల చదువులు అప్పజెప్పారు తల్లిదండ్రులు. నాలుగో తరగతి తలుపు మీద 'రూం నం. 112' ఇంకా చెరగలేదు. ఆటస్థలం లేదు, లైబ్రరీ లేదు, కానీ ఈ ఏడు వార్షికోత్సవంలో బ్యాలే ఉంది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని ఊరికే అనలేదు.

ఆ బడి పిల్లలు నాలుగొందల మందికి యూనిఫాంలు ఆరేళ్లుగా దేవకమ్మే కుడుతోంది. మగ్గం ఆగిపోయాక ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ పని మీదే. అందుకే డ్యాన్సు టీచరు నందిని కబురు పెట్టగానే బస్సెక్కి వచ్చింది. నందిని బెంగళూరులో రెండేళ్లు బ్యాలే నేర్చుకున్న పిల్ల. ఆ బడిలో తనకు తెలిసిందే చెప్పే టీచరు ఆమె ఒక్కతే.

"ఎనిమిది మంది పిల్లలు హంసల్లా ఆడతారు దేవకమ్మగారూ. ఇదిగో, దీన్ని టూటూ అంటారు," అని ఫోన్లో బొమ్మ చూపించింది.

దేవకమ్మ ఫోను దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "ఇది పావడ గాదు మేడమ్. నడుముకి పళ్లెం తగిలించినారు."

నందిని నవ్వి కథంతా చెప్పింది. మొదట్లో ఆ దేశాల్లో నాట్యం చేసే ఆడవాళ్లు నేల ఊడ్చే గౌన్లు కట్టేవాళ్లట. ఒకావిడ తెగించి చీలమండ దాకా ఎత్తితే ఊరంతా గగ్గోలు. ఆ తర్వాత నూరేళ్లకు పిక్కల దాకా వచ్చింది. మరో యాభై అరవై ఏళ్లకు మోకాలు దాటింది. చివరికి ఇదిగో ఇట్లా, నడుము దగ్గర పళ్లెంలా లేచి నిలబడింది.

"యాల మేడమ్ అట్లా కత్తిరించుకుంటా పోయినారు? గుడ్డ కరువా?"

"కాళ్లు కనపడాలని. ఆ నాట్యమంతా పాదాల్లోనే ఉంది. పాదాల పని జనం చూడకపోతే ఇక ఆడి ఏం లాభం చెప్పండి?"

ఆ మాట దేవకమ్మకు సూటిగా తగిలింది. ముప్పై ఏళ్లుగా ఆమె పనితనమంతా గుడ్డకు లోపలి వైపే ఉండిపోయింది. మడిచి కుట్టిన అంచును తిరగేసి చూసి, బాగుందమ్మా అన్నవాడు ఇంతవరకూ ఒక్కడు లేడు.

బజారులో దొరికే నైలాన్ నెట్టు దోమతెరలా వేలాడింది తప్ప నిలబడలేదు. దేవకమ్మ దాన్ని అవతల పారేసి, పలచటి మల్లు గుడ్డ పది పొరలు కత్తిరించి, మగ్గం రోజుల్లో పడుగుకు పెట్టినట్టు బియ్యపు గంజి పట్టించి మిద్దె మీద ఆరేసింది. పక్కింట్లో ఉండే ఆడబిడ్డ కుప్పమ్మ పిట్టగోడ మీంచి తొంగి చూసింది. "ఇంత పెద్ద అప్పడాలు ఎవురికి వదినా?"

"నవ్వు, నవ్వు. స్టేజీ మీద సూసినాక నవ్వుదువు గానీ."

మొదటి ట్రయల్లో ఐదో తరగతి పూజిత తెల్లటి మేజోళ్ల మీద ఆ టూటూ కట్టుకుని, మునివేళ్ల మీద లేచి, గిర్రున తిరిగింది. గంజి పెట్టిన పొరలు వణికాయి గానీ వాలలేదు. దేవకమ్మ పిల్ల చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తాను కుట్టింది అంత అందంగా ఉంటుందని ఆమెకే తెలియదు. "నా సేత్తో కుట్టింది నిలబడిందే!" అని పైకే అనేసింది.

ఆ ఫోటో పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పడింది. ఇంక చూసుకోండి. పేరెంట్స్ సంఘానికి అధ్యక్షుడు ప్రతాప్. ప్లాట్లు అమ్ముతాడు, తీరిక దొరికినప్పుడు సంస్కృతిని కాపాడతాడు. అదే రోజు బడికి వచ్చాడు. "కొండ కింద ఉండే ఊరు సార్ ఇది! ఈడ ఇట్లాంటివి జరిగితే సూస్తా ఊరుకుంటామా?" అన్నాడు. నడుము నుంచి కాలివేళ్ల కొసల దాకా మేజోళ్లు ఉన్నాయని నందిని చెప్పబోయింది. మేజోళ్లు కనపడవమ్మా, ఉద్దేశం కనపడుతుంది అన్నాడు. పదేళ్ల పిల్లలో ఉద్దేశం చూసిన మహానుభావుడు.

మోకాలి దాకా పెంచమన్నారు. పెంచింది. నాలుగు రోజులకు ఎవరి అమ్మమ్మకో నచ్చలేదు, పిక్కల దాకా. ఆ తర్వాత చక్రధర్‌కే అనుమానం వచ్చి చీలమండ దాకా. ఆఖరికి, ఎట్లాగూ ఇంత వచ్చింది కదా అని నేల దాకా. ఆ దేశాలవాళ్లు రెండొందల ఏళ్లు కష్టపడి ఎక్కిన మెట్లన్నీ తిరుపతిలో పందొమ్మిది రోజుల్లో దిగేశాం. ఏ సంగతిలోనైనా మన వేగం మనదే.

దేవకమ్మ ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. ఎట్లా చెబుతుంది, నాలుగొందల యూనిఫాంలు ఆ చక్రధర్ చేతిలోనే ఉన్నాయి. అయితే ఒక్కో పావడాకు కొత్త ముక్కలన్నీ కలిపి ఒకే పొడుగు దారంతో, చివర ముడి వేయకుండా, లాగితే వచ్చేసే కచ్చా కుట్టు మాత్రమే వేసింది. పెద్దమనుషుల మాట ఆరి గట్టిపడేదాకా మిషను కుట్టు వేయకూడదన్నది ఆమె నియమం. చక్రధర్ మూడుసార్లు కాలరు రంగు మార్పించినప్పుడు నేర్చుకున్న పాఠం అది.

వార్షికోత్సవానికి ముందు రోజు రిహార్సల్లో పూజిత ఆ పావడా తొక్కి బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయింది. "హంసలు మెల్లగా నడుస్తాయమ్మా, తిరగక్కర్లేదు," అన్నాడు చక్రధర్. నందిని 112లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది.

వార్షికోత్సవంలో హంసల కంటే ముందు తొమ్మిదో తరగతి వాళ్ల సినిమా పాట. ఆ డ్రెస్సులు మద్రాసు నుంచి అద్దెకు తెచ్చారు. దేవకమ్మ స్టేజీ పక్కన నిలబడి చూసింది. కంటికొలతలో ఆమె ఎప్పుడూ తప్పలేదు. ఆ గౌన్లు పొట్టిదనంలో ఆమె మొదట కుట్టిన టూటూకు ఏమాత్రం తీసిపోవు, మేజోళ్లు అసలే లేవు. ప్రతాప్ కుర్చీ ఎక్కి వీడియో తీస్తూ ఈల వేస్తున్నాడు. సినిమాలో వచ్చింది కాబట్టి దానికి సంఘం మీటింగు పెట్టనక్కర్లేదు కాబోలు.

దేవకమ్మకు ఒళ్లు మండింది. గ్రీన్‌రూంలోకి పోయింది. "అందురూ వరసగా నిలబడండమ్మా," అంది. పూజిత దగ్గర మొదలుపెట్టి, దారం కొస పట్టుకుని సర్రున లాగింది. పందొమ్మిది రోజుల సంస్కృతి కుప్పగా కాళ్ల దగ్గర పడింది. అట్లా ఎనిమిది సార్లు. నందిని గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "దేవకమ్మగారూ, సార్ మీకు పని లేకుండా చేస్తాడు," అంది మెల్లగా.

"నాకు తెలుసు. మీరు పాట పెట్టండి మేడమ్."

పదహారు కాళ్లు స్టేజీ మీదికి వచ్చాయి. ఈల ఆగింది. పూజిత చీరుకున్న మోకాలితోనే మునివేళ్ల మీద లేచి మూడు చుట్లు తిరిగి, పడకుండా నిలబడింది. హాలంతా చప్పట్లు. ప్రతాప్ వీడియో తీయాలో, ఆవేశపడాలో తేలక కుర్చీ మీదే ఉండిపోయాడు.

చక్రధర్ పరుగున వచ్చాడు. చప్పట్లు విన్నాడు కాబట్టి గొంతు తగ్గించాడు. "సూడు దేవకమ్మా, ఆ ప్రతాప్‌కి నేను సెప్పుకుంటా. కుట్టు ఊడిపోయింది, అంతే కదా? ఊడిపోయిందని నువ్వు ఒక్క మాట అను. నీ పని నీకు ఉంటాది."

అవునంటే సరిపోయేది. దేవకమ్మ కింద పడిన గుడ్డలు మడిచి సంచిలో పెట్టుకుంది.

"నా కుట్టు ఊడదు సార్. నేనే పీకినాను."

మర్నాడు మిద్దె మీద గుడ్డలారేసే తీగె ఖాళీగా ఉండటం చూసి కుప్పమ్మ అడిగింది. "ఉన్న పని పోగొట్టుకోని వచ్చినావంట కదా వదినా. అంతగా ఆడ ఏం సూసినావు?"

"కాళ్లు సూసినానే," అంది దేవకమ్మ.