చిరుతల గురువుకు అశోక్‌నగర్ వంతు

అశోక్‌నగర్‌లో ఇటీవల లేచిన అపార్టుమెంట్లలో చాలావాటికి సెంట్రింగు కొట్టినవాడు కురుమయ్య. శ్లాబు పోయకముందు చెక్కలు బిగించే ఆ పనిలో అతనికి మంచి పేరే ఉన్నది కాని, మనస్సు మాత్రం ఎన్నడూ ఆ చెక్కలమీద నిలువలేదు. మహబూబ్‌నగర్ జిల్లాలోని స్వగ్రామంలో అతని తండ్రి చిరుతల గురువు. రెండేసి కట్టె చిరుతలను తాళానికి మోగిస్తూ, వలయంగా తిరుగుతూ, పాడుతూ కథను నడిపే ఆ విద్యను తండ్రివద్ద ఆమూలాగ్రం నేర్చుకున్నాడు. శిష్యులను చేరదీసి నేర్పి ఆడించడాన్ని అక్కడ ఆట కట్టించడమంటారు. ఒక్క ఆటనైనా కట్టించకముందే కరవు అతనిని చిక్కడపల్లి వెనుక బస్తీకి తరిమింది.

ఈ ఏడాది ఆ కోరిక తీరే దారి కనబడింది. పల్లెను పట్నంతో కలిపే కళాకారులకు ధనసహాయం చేసే ఒక సంస్థ తరఫున సంయుక్త అనే యువతి వచ్చి, ఆట నేర్పినన్నాళ్లూ అతను కూలికి పోనక్కరలేదని, సంసారం గడిచే భారం తమదని చెప్పింది. షరతు ఒక్కటే. బస్తీవారితోపాటు ఈ పేటలలో తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలవారు కూడా చిరుతలు పట్టాలి. సంస్థ పెద్దలు ఆదివారం చూడవస్తారు; ఆనాటికి పట్నంవారెవరూ చేరకపోతే ఆ సహాయం మరొకరికి పోతుంది.

బస్తీనుంచి తోటి కూలీ ఎల్లేష్ మొదలైనవారు పిలువకముందే వచ్చారు. పట్నంవారి జాడ లేదు. నారాయణగూడ కళాశాలల విద్యార్థులు కొందరు వచ్చి, వీడియోలు తీసుకొని, బాగున్నదని మెచ్చుకొని బస్సెక్కి వెళ్లిపోయారు. శుక్రవారం నాటికి కురుమయ్య ముఖం వాడిపోయింది.

అతను పనిచేసే కట్టడానికి ఎదుటి అపార్టుమెంటులో దమయంతిగారు ఉంటారు. బ్యాంకు ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆమె, పల్లెలో గురువు రోజుకొక ఇంట వంతు భోజనం చేస్తాడని సంయుక్త ద్వారా విని ముచ్చటపడి, ఆ మధ్యాహ్నం కురుమయ్యను భోజనానికి పిలిచారు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు వడ్డించారు. అతను తృప్తిగా తిని, చెయ్యి కడుక్కొని, సంచిలోనుంచి చిరుతల జత తీసి ఆమె భర్త ఉమాకాంత్‌గారి ముందు పెట్టాడు.

“మీ ఇంటి వంతు తిన్న సార్. మీ ఇంట్లకెల్లి ఎవరు ఆడతరు?”

దంపతులు ఒకరి ముఖమొకరు చూసుకున్నారు. గురువుకు వంతు పెట్టిన ఇంటినుంచి ఒకరు తప్పక ఆటలో దిగాలన్నది ఆ ఊరి ఆచారం. అన్నం పెట్టడమే మాట ఇవ్వడం. వారికిది తెలియదని గ్రహించిన కురుమయ్య నొచ్చుకొని, తెలియక పిలిచినవారిమీద బలవంతం లేదంటూ చిరుతలను తీయబోయాడు. దమయంతిగారు వాటిమీద చెయ్యి వేశారు.

“అన్నం పెట్టినంక ఎనకకు పోతమా అన్న? నేనాడత.”

మొన్ననే మోకాళ్లకు నూనె రాయించుకున్న సంగతి ఉమాకాంత్‌గారు మెల్లగా గుర్తుచేశారు.

“మోకాళ్లు నావి. మీరు జర సోఫా పక్కకు జరుపుండ్రి.”

అంతే, హాలంతా చిరుతల మోతతో మార్మోగింది. ఈ చప్పుడేమిటని అడగడానికి కింది వాటానుంచి పైకి వచ్చిన మాధురి, ఆచారం సంగతి విని అలాగే నిలబడిపోయింది. మధ్యాహ్నం వంటకు తనకు తీరిక ఉండదని, పొద్దున టిఫిను పెడితే వంతు కింద చెల్లుతుందా అని అడిగింది. కురుమయ్య గంభీరంగా ఆలోచించాడు.

“ఉప్మాకు చెల్లదక్క. పెసరట్టుకైతె చెల్లుతది.”

ఆ మాట అంతస్తులు దాటి వీధిలోకి పాకింది. శనివారం గడిచేసరికి పిలుపులమీద పిలుపులు. కడుపు పట్టక కురుమయ్య ఇంటింటా ఒక్కొక్క ముద్ద తిని, గడపగడపకూ చిరుతలు పంచుకుంటూ పోయాడు.

ఆదివారం సెల్లారులో కార్లన్నీ బయటికి తీయించి వలయం కట్టారు. కురుమయ్య నడుమ నిలిచి పల్లవి ఎత్తుకోగానే అన్ని జతల చిరుతలు ఒక్కసారిగా పలికి, సిమెంటు స్తంభాలు దద్దరిల్లాయి. దమయంతిగారు తప్పు దిక్కుకు తిరిగి ఎల్లేష్‌ను ఢీకొన్నారు. అతను నవ్వుతూ ఆమె మోచేయి పట్టి తిప్పాడు. తాళం తప్పలేదు, వలయం తెగలేదు. చూస్తూ కూర్చున్న ఉమాకాంత్‌గారు కూడా లేచి, చిరుతలు మిగలక ఉత్త చేతులతోనే తాళం వేస్తూ లోపలికి చొరబడ్డారు. కుర్చీలు వేయడానికి చోటు లేక సంస్థ పెద్దలు గోడనానుకొని నిలబడే చూశారు. ఆట ఆగీ ఆగకముందే సంయుక్త పరుగున వచ్చి, సహాయం మంజూరైందని చెప్పింది.

కురుమయ్య చెమటైనా తుడుచుకోకుండా ఫోను తీసి, తమ జిల్లావాడే అయిన మేస్త్రీ ముత్యాలును పిలిచాడు.

“రేపటిసంది పనికి రాను మేస్త్రీ. ఆట కట్టిస్తున్న.”

అవతల ముత్యాలు కోపగించుకుంటాడని అందరూ చెవులొగ్గారు.

“నన్నిడిచిపెట్టి కట్టిస్తవా? రేపు మా ఇంట్ల తిను,” అన్నాడు ముత్యాలు.