మూడో వరుసలో రోమ్ వాళ్ళు

మా లింగన్నకు ఒకటే జబ్బు, ఖాళీ మెట్ల మీద మనుషుల్ని చూడటం. "ఆడ కూసోకు, మనిషున్నడు" అనేవాడు. తిరిగి చూస్తే ఉత్త సిమెంటు. కూర్చోబోయినవాడు ఉలిక్కిపడి లేచి, ఆ సిమెంటుకే సారీ చెప్పేవాడు.

తొంభై ఆరు సంగతి. దోహా బయట ఎడారిలో ఒంటెల పందేల మైదానం. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన లింగన్న అక్కడ ఇసుక చదును చేసేవాడు. నాది రాయచోటి, ఇంటి డ్రైవర్ డ్యూటీ. మా యజమానికి ఒంటెలుండేవి కాబట్టి వారంలో మూడు రోజులు నేనూ అక్కడే.

ఈ జబ్బు అంటించింది నేనే. ఎవరో పారేసిన బొమ్మల పుస్తకం దొరికితే చదివి చెప్పాను. పాతకాలం రోమ్‌లో రథాల పందేలు. లక్షన్నర మంది పట్టే మైదానం, చక్రవర్తీ కూలివాడూ చూసేది ఒకటే పందెం. ఎరుపు, తెలుపు, నీలం, పచ్చ జట్ల కోసం జనం తన్నుకునేవాళ్ళు. తోలేవాళ్ళలో చాలామంది బానిసలు. పగ్గాలు నడుముకు చుట్టుకునేవాళ్ళు. మలుపులో రథం బోల్తా పడితే గుర్రాలు మనిషిని ఈడ్చుకుపోయేవి.

"అట్ల సచ్చినోళ్ళు ఏడికి పోయిండ్రు?" అన్నాడు లింగన్న.

"రెండు వేల ఏళ్ళయింది లింగన్నా!"

"అదే అడుగుతున్న. ఇన్నేండ్ల సంది ఏడ కూసుంటున్నరు?"

ఆ ఏడు జూన్‌లో తేలింది, మా మైదానంలో, రేకుల నీడ పడే మూడో వరుసలో.

పందేలు చూసేవాళ్ళు కూర్చునే ఆ మెట్లు పనివాళ్ళు ఎక్కకూడదని కంపెనీ రూలు. దొరికితే మర్నాడే ఇంటికి టికెట్టు. కాపలా ఫోర్‌మన్ గౌస్ మొహియుద్దీన్‌ది, హైదరాబాద్ ఆయన. మధ్యాహ్నం తనిఖీకొచ్చి నీడలో కాలు పెట్టబోతే లింగన్న చేతులు జోడించేవాడు.

"సారూ, జెర పక్కకు. నీలం జట్టాయన కాలు తొక్కుతున్నరు."

"నేను ఇవన్నీ నమ్మను" అంటూనే గౌస్ సారు పక్కకు జరిగేవాడు.

జులైలో ఒక మధ్యాహ్నం దుమ్ము లేచింది. ఎండ ఉంది, వెలుగు లేదు. మైదానమంతా పసుపుపచ్చ మసక. గాలి మలుపు దగ్గర తిరిగి, ఎవరో మూలిగినట్టు వస్తోంది.

"ఈరోజు తేల్చేస్తా. రఫీ, నువ్వూ రా!" అని గౌస్ సారు మెట్లెక్కాడు.

మూడో వరుసలో మనుషులున్నారు. పది మందికి పైనే. తలల నుంచి గుండెల దాకా తెల్లగుడ్డలు, ముఖాలు లేవు. అందరూ మలుపు వైపు తిరిగి, కదలకుండా కూర్చున్నారు.

గౌస్ సారు గోళ్ళు నా చేతిలో దిగాయి. "రఫీ... నీకూ కనబడుతున్నారా?"

"క... కనబడుతున్నారు."

ఆయన ఎలా దిగాడో తెలీదు, చెప్పులు మాత్రం అక్కడే ఉండిపోయాయి. నేను అక్కడే నిలబడ్డాను. అప్పుడు వాళ్ళలో ఒకడు నా వైపు చెయ్యి చాపాడు.

"రఫీ భాయ్, నీళ్ళున్నయా?"

గొంతు గుర్తుపట్టాను. సైట్‌లో పనిచేసే గంగన్న. నెల కిందట ఎండకు కళ్ళు తిరిగి పడిపోయినవాడు. అప్పటినుంచీ లింగన్న కూలీలను రోజూ వంతులవారీగా ఎక్కించి, తడి తువ్వాళ్ళు కప్పి, గంటసేపు కూర్చోబెడుతున్నాడట. ఇప్పుడూ వెనకాల వంగి తువ్వాళ్ళు తడుపుతున్నాడు.

"ఇదా నీ రోమ్?" అన్నాను.

"ఏం జెయ్యాలె భాయ్? బతికినోళ్ళంటే నీడియ్యరు. సచ్చినోళ్ళంటే జరుగుతరు."

మర్నాడు పొద్దున్నే గౌస్ సారు వచ్చి, కింద మెట్టు దగ్గరే ఆగాడు. "లింగన్నా... వాళ్ళకేమైనా కావాలా, అడుగు."

లింగన్న ఖాళీ వరుస వైపు వంగి, చెవి ఒగ్గి విని, తల ఊపాడు. "ఐసు నీళ్ళు గావాల్నట సారూ. పెద్ద డ్రమ్ము."

డ్రమ్ము వచ్చింది. రెండింటికల్లా ఖాళీ. గౌస్ సారు లోపలికి తొంగి చూసి పాలిపోయాడు.

"మొత్తం తాగేశారా?"

"రోమ్ నుంచి నడిసొచ్చిండ్రు గద సారూ!"

మర్నాటి నుంచి రెండు డ్రమ్ములు వచ్చాయి.